ఊఁ కొట్టే పొగగొట్టం

పెళ్ళయిన కొత్తలో నాకు ప్రతిదీ ముద్దొచ్చేది. రెమీ బూట్లు విప్పి ఒకటి గుమ్మంలో, ఇంకొకటి మెట్ల కింద వదిలేసినా ముద్దొచ్చేది. వంటింటి తలుపు మూయాలంటే కాస్త ఎత్తి తొయ్యాలి, అదీ ముద్దొచ్చేది. అన్నిటికన్నా ముద్దొచ్చింది మా ఇనుప పొయ్యి. నల్లగా, పొట్టిగా, ముందు ఒక చిన్న గాజు తలుపుతో, బొజ్జనిండా తిని కూర్చున్న కుక్కపిల్లలా ఉండేది. లైబ్రరీలో నా పని మధ్యాహ్నానికి అయిపోతుంది. ఇంటికి రాగానే కోటు కూడా విప్పకుండా దాని ముందు గొంతుక్కూర్చుని పుల్లలు పేర్చేదాన్ని. మొదటి మంట అంటుకున్నప్పుడు వచ్చే ఆ చిటపటకి ప్రతిసారీ నవ్వొచ్చేది. ఎందుకో అడిగితే చెప్పలేను.

బిడిఫోర్డ్ ఊళ్ళో బట్టల మిల్లు వాళ్ళు ఒకప్పుడు పనివాళ్ళ కోసం కట్టిన జంట ఇళ్ళలో మాది ఒకటి. ఒకటే కప్పు, మధ్యలో ఒక గోడ, అటు ఒక సంసారం, ఇటు ఒక సంసారం. కప్పు నడినెత్తిన పిలకలాగా ఒకే ఒక్క పొగగొట్టం. మా సగం రెమీ వాళ్ళ మామయ్యది. చాలాకాలం తాళం వేసి ఉంచి, పెళ్ళి కానుకగా మమ్మల్ని ఉండమన్నాడు. అవతలి సగంలో మదాం వాషాన్ ఉండేది. ఆర్మాండీన్ వాషాన్. భర్త పోయాక ఒంటరిగానే ఉంటోందని మామయ్య చెప్పాడు.

ఆవిడ గురించి మాకు తెలిసింది తక్కువ. ఒకసారి అల్లం బిస్కెట్లు చేసి పట్టుకెళ్ళాను. తలుపు అరచెయ్యంత తెరిచి, ప్లేటు అందుకుని, "సంతోషం అమ్మాయ్" అని మూసేసింది. రెండో రోజు ప్లేటు కడిగి మా మెట్టు మీద పెట్టి ఉంది. ఇంకోసారి ఉల్లిపాయ తరుగుతూ నా వేలు తెగితే, మర్నాడు పొద్దున్న అదే మెట్టు మీద ఒక చిన్న సీసాలో ఏదో పసుపు పచ్చని లేపనం. నా వేలికున్న కట్టు కిటికీలోంచి చూసి ఉంటుందనుకున్నాను.

విచిత్రమల్లా ఆవిడ కిటికీ. నవంబరు వచ్చింది, నీళ్ళ తొట్టిలో పైన మంచు పొర కడుతోంది, అయినా ఆవిడ ముందుగది కిటికీ కింద ఒక పుల్ల అడ్డం పెట్టి తెరిచే ఉండేది.

"ఆవిడ కడుపులో ఒక బాయిలర్ ఉంది" అనేవాడు రెమీ.

"నీకుండకూడదూ ఒకటి? రాత్రి నీ పాదాలు తగిలితే చేపను తాకినట్టుంది."

"చేపనే కట్టుకున్నావు. ఓడల యార్డులో పనిచేసేవాడికి ఇంకేం పాదాలుంటాయి?"

ఇలాంటివి చాలా మాట్లాడుకునేవాళ్ళం, పొయ్యి ముందు, కాళ్ళు దాని వైపు చాపుకుని. మా పెద్ద తగువు మాత్రం కుర్చీ గురించి. రెమీ తాతగారి చేతుల కుర్చీ. గోధుమ రంగు, ఒక పక్క దూది బయటికొచ్చి, కూర్చుంటే చుట్ట వాసన. అది చెత్తలోకి పోవాలని నేను, తను చచ్చేదాకా ఉండాలని రెమీ. ఒకరోజు నేను గెలిచేదాన్ని, ఒకరోజు తను. పెళ్ళయ్యాక మేం తెచ్చుకున్న మొదటి తగువు కదా, దాన్ని అంత తొందరగా తెంపుకోవాలని నాకూ ఉండేది కాదు.

ఆ మాటల మధ్యలో పొయ్యి వెనక గోడలోంచి అప్పుడప్పుడు ఒక చప్పుడు వచ్చేది. "ఊఁ" అని. కథ చెప్తుంటే పిల్లలు ఊఁ కొట్టినట్టు, సన్నగా, లోపలెక్కడో.

"గాలి" అన్నాడు రెమీ మొదటిసారి.

గాలి లేని రోజుల్లో కూడా వచ్చేది. అయినా గాలే అనుకున్నాం. నాకది కూడా ముద్దొచ్చింది. "చూశావా, కుర్చీ పారేయాలని పొగగొట్టం కూడా ఒప్పుకుంది" అనేదాన్ని. "ఊఁ" అనేది గోడ.

*

ఇంటి బీమా వాళ్ళు పొగగొట్టం పరీక్ష చేయించమన్నారని మామయ్య డెల్బర్ట్ స్ప్రౌల్‌ని పంపాడు. ఈ చుట్టుపక్కల పాత ఇళ్ళ పొగగొట్టాలన్నీ దులిపేది ఆయనే. ఒక మోకాలు సరిగ్గా వంగదు. ఆ మోకాలి గురించి మాట్లాడకుండా ఆయన ఏ పనీ మొదలుపెట్టడు. కాఫీలో చెంచా నిలబడేంత చక్కెర వేయించుకుని తాగాడు. పొయ్యి చుట్టూ దుప్పట్లు పరిచాడు, పైకెక్కి కర్రకు కర్ర జోడించి బ్రష్ దింపాడు. లోపల ఎలుకలు పరుగెత్తినట్టు చప్పుడు. దిగొచ్చి, రాలిన మసిని అరచేతిలో వేసి చూపించాడు. నల్ల గాజుపెంకుల్లా మెరుస్తోంది.

"పచ్చి కట్టెలు కాలుస్తున్నారు."

"ఎండినవే అని అమ్మినవాడు ఒట్టేశాడండీ."

"వాడు నాకూ వేశాడు. నా పెళ్ళిలో నేనూ వేశాను. నా మాజీ భార్యనడుగు ఆ ఒట్ల సంగతి."

రెమీ పనికి వెళ్ళిపోయాడు, నేను సెలవు పెట్టి ఉన్నాను. నాకు ఇదంతా సర్కస్ చూసినట్టుంది. పొయ్యిని గోడకు కలిపే గొట్టం ఊడదీసి, ఆ కన్నంలోంచి డెల్బర్ట్ ఒక పొడవాటి తీగ చివర కెమెరా పైకి పంపాడు. చిన్న తెర మీద ఇటుకలు ఒకటొకటిగా కిందికి జారుతున్నాయి. నేను ఆయన భుజం మీంచి చూస్తున్నాను.

"ఇందులో రెండు దారులుంటాయి" అన్నాడు. "మీ పొగకు ఒకటి, పక్కవాళ్ళ పొగకు ఒకటి. మధ్యలో ఒక్క ఇటుక మందం గోడ. ఇది మీ దారి. శుభ్రంగా... ఆగు. ఆగాగు. ఇదేంటి?"

ఇటుకల మధ్య ఒక నల్లటి ఖాళీ. పళ్ళు ఊడిన నోరులా ఉంది.

"రకూన్" అన్నాడు డెల్బర్ట్ ధీమాగా. పొగగొట్టాల్లో దూరే, పిల్లికన్నా కాస్త పెద్ద జంతువు. "గూడు కట్టి ఉంటుంది. గోడ తవ్వేసింది వెధవ."

"అందుకేనేమో చప్పుడు వస్తుంది. మేం మాట్లాడుతుంటే ఊఁ అంటుందండీ. మేం గాలి అనుకున్నాం."

"గాలికి అంత మర్యాద ఎక్కడిదమ్మా? రకూన్‌కి అసలే లేదు."

తీగను వంచి కెమెరాను ఆ ఖాళీలోంచి అవతలికి దూర్చాడు. మధ్యలో రాలడానికి సిద్ధంగా ఉన్న మసి ఒక్కసారిగా ఆ పక్కకు జారింది. తెర నల్లబడింది. అప్పుడు గోడలోంచి దగ్గు వినిపించింది.

మనిషి దగ్గు. ఒకసారి గట్టిగా, ఆ తర్వాత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నట్టు, గుక్కలు గుక్కలుగా.

నేను అన్న మాట ఇప్పటికీ రెమీ గుర్తుచేసి ఏడిపిస్తాడు. "గాలి దగ్గింది" అన్నాను.

తెర మెల్లగా తేటపడింది. కెమెరా దీపం అవతలి దారిలోంచి కిందికి పడుతోంది. అడుగున గోడలో కట్టిన పాత గూటిపొయ్యి, దాని ముందు నేల. నేల మీద ఊలుతో అల్లిన చెప్పులు తొడుక్కున్న రెండు పాదాలు. మేం చూస్తుండగానే అవి మెల్లగా వెనక్కి జరిగి కనపడకుండా పోయాయి.

*

మదాం వాషాన్ తలుపు అరచెయ్యంతే తెరిచింది. కోటు వేసుకుని ఉంది. తలకు ఊలు టోపీ.

"మా ఇంట్లో పొగగొట్టం వాడటం లేదు డెల్బర్ట్. ఫెర్నాండ్ పోయాక గూట్లో నిప్పే పెట్టలేదు. చూడాల్సింది ఏమీ లేదు."

"మీ నుదుటి మీద మసి ఉంది మదాం."

చెయ్యెత్తి తుడుచుకుంది. ఇంకాస్త పాకింది. "పిండి" అంది.

"నల్ల పిండా?"

"రై గింజల పిండి. నల్లగానే ఉంటుంది."

డెల్బర్ట్ మోకాలు పట్టుకుని మూలిగాడు. నిజం నొప్పో దొంగ నొప్పో నాకు తెలీదు, ఆవిడ మాత్రం కుర్చీ కోసం వెనక్కి తిరిగింది. ఆయన లోపలికొచ్చేశాడు. వెనకాలే నేను.

గది బయటకన్నా చల్లగా ఉంది. నాకు మొదట తగిలింది ఆ చల్లదనమే, తర్వాతే మిగతావి. కిటికీ కింద పుల్ల. గూటిపొయ్యి నోట్లోకి దాదాపు దూరిపోయినట్టు వేసిన ఒక నిటారు కుర్చీ, దాని మీద రెండు కంబళ్ళు, పక్కన చిన్న స్టూలు మీద అల్లిక, చల్లారిన టీ. మిగతా గదంతా ఎవరూ నడవనట్టు సర్ది ఉంది. సోఫా మీద దిండ్లకు ముడత కూడా లేదు. ఆ ఇంట్లో మనిషి బతికేది ఆ ఒక్క కుర్చీ మీదనే.

డెల్బర్ట్ గూట్లోకి దీపం వేసి చూశాడు. పైకి చూసి, గూటి అంచు మీద నల్లటి మరకను వేలితో రాసి చూశాడు. ఆయన ముఖంలో సరదా పోయింది.

"వీళ్ళ పొయ్యి పొగ మీ గదిలోకి వస్తోంది మదాం. ఎన్నాళ్ళుగా?"

"పొగా? నాకేం తెలీదే."

"విషవాయువు వస్తే మోగే అలారం ఉండాలే, గోడకు మేకు ఉంది, అలారం ఏది?"

"పాడైపోయింది."

"ఎక్కడుంది?"

ఆవిడ వంటింటి వైపు చూసింది. నేను వెళ్ళాను. రొట్టెల డబ్బాలో, రెండు తువ్వాళ్ళలో చుట్టి, అడుగున పెట్టి ఉంది. బయటికి తీశానో లేదో కీచుమంది. అంత చల్లటి ఇంట్లో, తెరిచిన కిటికీతో, మా పొయ్యి ఆర్పి ఉండగా. ఏమో, బ్యాటరీ అయిపోయి కావచ్చు. అయినా దాన్ని దూరంగా పట్టుకుని తెచ్చి డెల్బర్ట్‌కి ఇచ్చాను.

"దీన్ని రొట్టెల డబ్బాలో పెడతారా ఎవరైనా?" డెల్బర్ట్ గొంతు పెంచాడు.

"సాయంత్రమైతే చాలు, ఒకటే గోల. అది అరుస్తుంటే ఏమీ వినపడేది కాదు."

"ఏం వినపడేది కాదు?"

ఆవిడ చూపు నా మీద పడింది, నా మీంచి నా వేలి మీదకు. కట్టు ఎప్పుడో తీసేశాను, మచ్చ కూడా లేదు. ఆ చూపుతో నాకంతా అర్థమైంది. మా కిటికీలోంచి ఆవిడ నా వేలు చూడలేదు. నేను "అబ్బా" అనడం విన్నది. రెమీ "ఏదీ చూడనీ" అని పరుగెత్తుకు రావడం విన్నది.

అంటే అన్నీ విన్నది. చేప పాదాలు, కుర్చీ తగువులు, నేను స్నానం చేసొచ్చి పాడే అడ్డదిడ్డం పాటలు. నా ముఖం చెవుల దాకా వేడెక్కింది.

"మీరు ఈపాటికి పోయి ఉండాల్సింది" అన్నాడు డెల్బర్ట్, మెల్లగా.

"పోలేదుగా. కిటికీ తెరిచాను."

*

డెల్బర్ట్ కొలతలు తీయడానికి పైకెక్కాడు. మదాం వాషాన్ నన్ను వంటింట్లో కూర్చోబెట్టి, కోటు విప్పకుండానే టీ పెట్టింది.

"మీ మేడ మీద పడగ్గది మాటలేవీ వినపడవు" అంది, వీపు నా వైపు ఉంచి. "భయపడకు. వంటింటి సంగతులు, పొయ్యి దగ్గర సంగతులే విన్నాను. తక్కినవి మీ ఇద్దరివే."

"నేనేం అనుకోలేదు" అన్నాను. అబద్ధం.

"నేను మిల్లులో మగ్గాల గదిలో పనిచేశాను. చుట్టూ మనుషులే. ఆ హోరులో ఒక్క మాట వినపడేది కాదు, పెదాలు చూసి తెలుసుకోవడమే. పెన్షన్ తీసుకుని ఇంటికొచ్చి ఫెర్నాండ్‌తో కడుపునిండా మాట్లాడదామనుకుంటే, ఆ మహానుభావుడు ఆ ఏడే పోయాడు. మీకు ముందు మీ సగంలో లకాస్ వాళ్ళుండేవాళ్ళు. ముగ్గురు పిల్లలు. ఎక్కాలన్నీ వాళ్ళతోపాటు మళ్ళీ నేర్చుకున్నాను. చిన్నవాడికి ఏడో ఎక్కం రాదు. నేను ఇటు కూర్చుని చెప్పలేక చచ్చేదాన్ని." నవ్వింది. నవ్వు తొందరగానే ఆగిపోయింది. "వాళ్ళు వెళ్ళిపోయాక చాలాకాలం ఖాళీ. గూట్లో గాలి కూడా ఉట్టి గాలే. మీరొచ్చిన రోజు నువ్వు ఏదో కింద పడేసి పకపకా నవ్వావు. అలాగే నిలబడిపోయాను అమ్మాయ్, చేతిలో చీపురుతో."

టీ నా ముందు పెట్టి, ఎదురుగా కూర్చుంది.

"వాడు ఆ కన్నం పూడ్చేస్తాడు కదూ?"

"పూడ్చాలి కదా మదాం. పొగ..."

"మీరు నిప్పు పెట్టకపోతే పొగ రాదు. పొగ రాకపోతే పూడ్చక్కర్లేదు. కరెంటు హీటర్లున్నాయి నా దగ్గర, రెండు. ఇస్తాను. మంచివే." ఆవిడ చెయ్యి నా చెయ్యి మీద పడింది. మంచుముక్కలా ఉంది. "నువ్వు చెప్తే వాడు వింటాడు. ఇల్లు మీది."

నాకు మా పొయ్యి కళ్ళముందు మెదిలింది, గాజు వెనక ఎర్రగా. సిగ్గేసింది. ఇక్కడ ఈవిడ చలిలో కోటు వేసుకుని కూర్చుని మా మాటలు కప్పుకుంటోంది, నేనేమో ఆ కాస్త వెచ్చదనం వదులుకోలేకుండా ఉన్నాను. సరే అందామనే నోరు తెరిచాను.

అప్పుడే డెల్బర్ట్ దిగొచ్చాడు. గుమ్మంలోంచే విన్నాడు.

"నిప్పు మాట వదిలేయండి. ఆ మధ్య గోడ సున్నాన్నంతా పొగ తినేసింది. పైనున్న ఇటుకలు ఎప్పుడు కూలతాయో తెలీదు. కూలితే ఆ కుర్చీలోకే. ఆ కుర్చీలో ఎవరుంటారు?"

మదాం వాషాన్ నా చెయ్యి వదిలేసింది.

"వస్తూ ఉంటాను మదాం" అన్నాను లేచేటప్పుడు. "మేమిద్దరం వస్తాం. మీరూ రండి."

"ఆ. లకాస్ వాళ్ళమ్మాయి కూడా వస్తానంది." కోపంగా అనలేదు. కప్పులు తీస్తూ అంది.

*

మా పొయ్యికి ఎర్ర కాగితం కట్టి వెళ్ళాడు డెల్బర్ట్, స్టీలు గొట్టాలు తెచ్చి బిగించేదాకా వెలిగించొద్దని. సాయంత్రం రెమీ వచ్చాక అంతా చెప్పాను. గుసగుసగా చెప్పాను. తనూ గుసగుసగానే విన్నాడు. "చేప సంగతి కూడానా?" అన్నాడు, గొంతు రాకుండా. తల ఊపాను. ముఖం రెండు చేతుల్లో దాచుకున్నాడు.

అలా గుసగుసలాడుతూ అన్నం తిన్నాం. చెంచాలు కూడా చప్పుడు కాకుండా పెట్టాం. కాసేపటికి నాకు గోడ అవతల ఆ నిటారు కుర్చీ గుర్తొచ్చింది. ఆవిడ అక్కడే ఉంటుంది. చెవి ఒగ్గి ఉంటుంది. మా ఇంట్లో మనుషులున్నారో లేదో అన్నంత నిశ్శబ్దంగా ఉంది.

"రెమీ, ఇలా వద్దు" అన్నాను మామూలు గొంతుతో. అంత గట్టిగా వినపడింది, ఇద్దరం ఉలిక్కిపడ్డాం.

పొయ్యి లేక గది చల్లబడిపోయింది. కోట్లు తొడుక్కుని, గొట్టం ఊడదీసిన కన్నం ముందు కూర్చున్నాం. రెమీ ముందుకు వంగి, నూతిలోకి పిలిచినట్టు పిలిచాడు.

"మదాం వాషాన్? వినపడుతోందా?"

కొంచెం సేపటికి, "ఊఁ."

"డెల్బర్ట్ వచ్చి పూడ్చేస్తాడు మదాం. పూడ్చకపోతే కుదరదు. మాకూ బాధగానే ఉంది."

రెమీ నా వైపు చూశాడు. తర్వాత, "ఊఁ."

నా చూపు కుర్చీ మీద పడింది. చివరికి నేనే, "ఈ దిక్కుమాలిన కుర్చీ సంగతి ఈ వారమే తేల్చాలి" అన్నాను. రెమీ వెంటనే అందుకున్నాడు. తాతగారు ఆ కుర్చీలోనే కూర్చుని తనకు వల అల్లడం నేర్పారని, ఇంతకుముందు చెప్పనిది, చెప్పాడు. నేను వాదించడం మర్చిపోయాను. గోడ "ఊఁ" అంది, ఎప్పటికన్నా పొడుగ్గా.

గొట్టాలు వచ్చేదాకా ప్రతి సాయంత్రం అలాగే కూర్చున్నాం, మేం ఇటు కోట్లలో, ఆవిడ అటు కోటులో. కుర్చీ తగువు ముదిరింది. నేను తేల్చి చెప్పేశాను, రేపు లారీవాడు వస్తాడు, ఎత్తించేస్తాను అని. ఆ రేపే డెల్బర్ట్ వచ్చాడు.

అటొక మెరిసే స్టీలు గొట్టం, ఇటొకటి, మధ్యలో ఖాళీలన్నీ పూడుస్తూ పోసిన సిమెంటు ముద్ద. ఆవిడ గోడకు కొత్త అలారం బిగించాడు. కిటికీ కింద పుల్ల తీసి తనే జేబులో వేసుకున్నాడు. మా పొయ్యి వెలిగించి చూపించాడు. మునుపటికన్నా చక్కగా మండింది. పొగ జాడే లేదు.

ఆ సాయంత్రం లారీవాడు రాలేదు. నేను పిలవలేదు. కాళ్ళు పొయ్యి వైపు చాపుకుని కూర్చున్నాం. రెమీ ఏదో జోకు వేశాడు. ఇద్దరం నవ్వి, ఆగాం. ఎందుకు ఆగామో ఇద్దరికీ తెలుసు. ఏ చప్పుడూ రాలేదు.

*

శనివారం బీన్స్ వండాను, మట్టి కుండలో, చెరకు పాకం పోసి, పొద్దుటి నుంచీ. పిలిచాను, మదాం వాషాన్ వచ్చింది. చేతులకు తొడుగులు, మెడలో ముత్యాల దండ, చేతిలో ఆపిల్ పై. ఆ వేషంలో ఆవిడను చూసి నేను గబగబా ఏప్రన్ విప్పేశాను.

చాలా మర్యాదగా సాగింది. బీన్స్ బాగున్నాయంది. ఆపిల్ పై బాగుందన్నాం. ఈసారి మంచు ముందే పడేట్టుందంది. అవునన్నాం. రెమీ యార్డు గురించి చెప్పాడు, ఆవిడ తలాడించింది. మేం ఒకరిమాట ఒకరికి అడ్డం రాకుండా, నోరు తుడుచుకుంటూ, ఫొటోకి కూర్చున్నట్టు కూర్చున్నాం. ఆవిడ కళ్ళు మాత్రం గదంతా దేనికోసమో వెతుకుతున్నాయి. ఒక్క గోడ అవతలి మనిషే. ఊరవతలి చుట్టంలా ఉంది.

"ఇక వెళ్తాను" అని లేచింది, ఇంకా కాఫీ కూడా పోయలేదు. తొడుగులు ఒక్కొక్క వేలూ లాక్కుంటూ తొడుక్కుంటోంది. ఇప్పుడు వెళ్తే మళ్ళీ రాదని నాకు తెలిసిపోయింది.

గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

"ఒకటి అడగనా?"

"అడగండి మదాం."

"ఆ కుర్చీ... లారీవాడు వచ్చాడా?"

రెమీ నా వైపు చూశాడు, నేను రెమీ వైపు. ఇద్దరికీ ఒకేసారి నవ్వు తన్నుకొచ్చింది.

"రాలేదు" అన్నాను. "అదిగో. పొయ్యి పక్కన."

ఆవిడ దగ్గరకు వచ్చి దాన్ని పైనుంచి కిందికి చూసింది. చేతి మీద తట్టింది. దుమ్ము లేచింది.

"ఇదా? నేను ఆకుపచ్చది అనుకున్నానే." కొంచెం నిరాశపడినట్టుంది. "కూర్చోవచ్చా?"

కూర్చుంది. ఒకసారి సర్దుకుంది. తర్వాత లేచి, ఆ బరువైన కుర్చీని రెమీ సాయంతో తిప్పించి, పొయ్యి వైపు ముఖం, మా వైపు వీపు ఉండేలా వేయించుకుని మళ్ళీ కూర్చుంది. తొడుగులు విప్పి ఒళ్ళో పెట్టుకుంది. సంచిలోంచి అల్లిక తీసింది.

"ఇక మీ పని మీరు చేసుకోండి. నన్ను పలకరించకండి. ఇలా మర్యాదలు చేస్తే నాకు ఏమీ తెలియట్లేదు."

మేం గిన్నెలు కడగడం మొదలుపెట్టాం. మొదట అంతా నాటకంలా ఉంది. "ఏవండీ, ఆ తువ్వాలు ఇలా అందిస్తారా" అన్నాడు రెమీ. జన్మలో నన్ను అండీ అనలేదు. నేను నురుగు తన మొహాన కొట్టాను. తను బీన్స్ కుండ గరుకు పీచుతో తోమబోయాడు, కుండ పాడవుతుందని అరిచాను, మా అమ్మ ఇలాగే తోముతుందన్నాడు, అందుకే మీ అమ్మ కుండలన్నీ గీతలే అన్నాను, అప్పుడు నిజంగానే కోపం వచ్చింది ఇద్దరికీ.

"ఊఁ" అంది కుర్చీ.

ఆవిడ తెల్లటి జుట్టు మాత్రమే కుర్చీ అంచు మీద కనపడుతోంది. అల్లిక సూదులు ఆడుతున్నాయి. రెమీ తడి చేతులతోనే నా భుజం పట్టుకున్నాడు. ఇద్దరం గొంతులు తగ్గించకుండా కుండ గురించి పోట్లాడుతూనే ఉన్నాం.

తర్వాత దీపం పట్టుకుని ఆవిణ్ణి గుమ్మం దాకా దింపాడు రెమీ. దింపడమంటే మా మెట్లు దిగి ఆవిడ మెట్లెక్కడమే. తలుపు తీస్తూ ఆవిడ వెనక్కి తిరిగింది.

"మీ అమ్మ కుండల సంగతి తేలలేదు బాబూ."

"తేల్చేస్తాం మదాం, రేపే."

"రేపు వద్దు" అంది గబగబా. "వారంలో తేల్చుకోకండి. శనివారందాకా అలా ఉంచండి."

తలుపు మూసుకుంది. ముందుగదిలో దీపం వెలిగింది. కిటికీ మూసే ఉంది. ఆ నిటారు కుర్చీ ఇంకా గూటి దగ్గరే ఉందో, తీసేసిందో నాకు కనపడలేదు.

అప్పటినుంచి మా ఇంట్లో సగం తగువులు సగంలోనే ఆగుతున్నాయి. మొన్న మంగళవారం పొయ్యి ముందు కూర్చుని ఉండగా రెమీ అన్నాడు, కుక్కపిల్లను తెచ్చుకుందామని. నాకు కుక్కలంటే ఎంత ఇష్టమో, ఎంత భయమో రెండూ ఒకేసారి నోట్లోకి వచ్చాయి. వాటిని మింగి, చెయ్యి తన నోటికి అడ్డం పెట్టాను.

"శనివారం" అన్నాను.

మంట గాజు వెనక మెల్లగా ఆడుతోంది. బయట గాలి గట్టిగా వీస్తోంది, కొత్త గొట్టంలోకి అది రాదు. ఇద్దరం గోడ వైపు చూస్తూ కాసేపు అలాగే కూర్చున్నాం.